నాలుగేళ్లుగా నా ఎస్టీమ్‌లో సెకండ్‌హ్యాండ్ హెడ్

నా 2002 మోడల్ మారుతి ఎస్టీమ్ కారుకి పోర్టింగ్ చేసిన (గాలి వచ్చే, పొగ పోయే దారులు పెద్దవి చేసిన) పాత సిలిండర్ హెడ్, అంటే ఇంజన్ పైభాగం, ఎక్కించి నాలుగేళ్లు దాటింది. ఈమధ్యలో 28,000 కిలోమీటర్లు తిరిగాను. కొనాలనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇది 1.3 లీటర్ల, 16 వాల్వుల ఇంజన్. కంపెనీ ఇచ్చింది 85 హార్స్‌పవర్. అనంతగిరి ఘాట్‌లో హోస్ పగిలి నీళ్లన్నీ పోతే, టెంపరేచర్ ముల్లు పైకి వెళ్లిపోయినా బండి పక్కన పెట్టుకునే చోటు కోసం ఇంకాస్త లాగాను. అంతలోనే హెడ్ వంగిపోయింది.

మొదట ఆటోనగర్‌లో ఒకచోట హెడ్ చూశాను. పోర్టులు అద్దంలా మెరుస్తున్నాయి. ఆ మెరుపు చూసే 7,000 ఇచ్చి, ఏ పరీక్షా చేయించకుండా తెచ్చేశాను. మా మెకానిక్ బాబాయి దాన్ని బల్లమీద తిరగేసి వెర్నియర్‌తో ఎత్తు కొలిచాడు. "ఇదేటిరా, రెండుసార్లు ఫేసింగ్ అయిపోనాది దీనికి" అన్నాడు. అంటే అడుగు ముఖం సమం చేయడానికి రెండుసార్లు కోసేశారన్నమాట. అక్కణ్ణుంచి లేత్ షాపుకి తీసుకెళ్లాం. నీటి దారులు పలకలతో బిగించి, వేడినీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టించారు. మూడో సిలిండర్‌లో రెండు వాల్వ్ సీట్ల నడుమ నుంచి ఆవగింజంత బుడగలు దారం కట్టినట్టు ఒకదాని వెనక ఒకటి పైకొచ్చాయి. అంటే అక్కడ పగులుంది. బయటికి తీసి అదే చోట గోరుతో రాస్తే ఏమీ తగల్లేదు. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు. డబ్బు పోయిన బాధ తగ్గింది గానీ, తెలిసే అంటగట్టారన్న కోపం మాత్రం ఇంకా ఉంది.

ఇప్పుడు వాడుతున్నది కంచరపాలెంలో తన కారు విప్పేస్తున్న ఒక కుర్రాడి దగ్గర 11,000కి కొన్నాను. "అన్నా, ఒక్కసారే ఫేసింగ్ చేయించాను, ఇదిగో బిల్లు" అని లేత్ షాపు కాగితం చేతిలో పెట్టాడు. కొలిస్తే ఎత్తు సరిపోయింది. స్కేలు ఆనించి చూస్తే 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) ఎక్కడా దూరలేదు. బుడగలు లేవు. ఇన్‌టేక్ పోర్టులు కాస్త గరుకుగానే ఉన్నాయి, దాంతో నష్టం లేదు. దారి ఆకారం, గాస్కెట్ అంచుతో కలిసే తీరు ముఖ్యం. నీటి రంధ్రాలు కూడా చూడండి. కూలెంట్ బదులు ఉప్పు బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లలో వాటి అంచులు చెద తిన్నట్టుంటాయి.

వాల్వులు సరిగ్గా మూసుకుంటున్నాయో లేదో చూడ్డానికి ఛాంబర్లలో కిరోసిన్ పోసి అరగంట ఉంచితే ఒక ఎగ్జాస్ట్ పోర్టు తడిసింది. ల్యాపింగ్‌తో, అంటే వాల్వుని దాని సీటుమీద గరుకు పేస్టుతో రుద్దితే, ఆగింది. రెండు గైడ్లు (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు) వదులుగా ఉంటే మార్పించి, వాల్వ్ సీళ్లు పదహారూ కొత్తవి వేయించాను. అవి అసలు ధరలో కలుపుకోవాల్సిన ఖర్చులే.

నడక సంగతి. 3,500 ఆర్పీఎం దాటాక ఇంజన్ ఊపిరి బాగా అందినట్టు లాగుతుంది. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే ఆ తేడా చాలా బాగుంటుంది. అంతకు కింద మాత్రం మునుపటికన్నా బద్ధకం. విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో మాటిమాటికీ సెకండ్ గేర్ వేయాల్సొస్తుంది. మైలేజీ 14 నుంచి 12కి పడింది. ఫేసింగ్ వల్ల కంప్రెషన్ పెరిగింది కాబట్టి, మే నెలలో ఏసీ వేసి సింహాచలం కొండెక్కితే సన్నగా నాకింగ్ (ఇంజన్‌లో టకటక చప్పుడు) వినిపిస్తుంది. గేర్ తగ్గిస్తే పోతుంది. ఊళ్లో తిరగడానికే అయితే ఈ హెడ్ వద్దంటాను.

వంగిన నా పాత హెడ్‌ని ఫేసింగ్ చేయించి, ఎంత కోశారో బిల్లుమీద రాయించి, ఘాట్‌లో కాగిందని చెప్పే అమ్మాను. ధర తగ్గింది, కొన్నాయన ఇప్పటికీ పలకరిస్తాడు. పగిలినదాన్ని మాత్రం అలాగే తుక్కుకి వేస్తే ఎవరైనా మళ్లీ పాలిష్ పట్టి అమ్ముతారని, బాబాయి దగ్గర పెద్ద సుత్తి తీసుకుని రెండు ముక్కలు చేశాకే కిలోల లెక్కన ఇచ్చాను.