మూత కింది రబ్బరు పట్టీ: నాలుగేళ్ల సీప్యాప్ వాడకం తర్వాత

నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి ఊదే ఈ సీప్యాప్ మిషను మీద నాకున్న కోపమంతా ఒక్క చోటే ఉంది: ఆ గాలికి తేమ కలిపే నీటి తొట్టి మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ. చూడటానికి కుక్కరు గ్యాస్కెట్ లాంటిదే. కానీ కుక్కరుదైతే వేలితో లాగితే ఊడి వస్తుంది, దీన్ని మూతకే అతికించేశారు. అతుకు దాటాక పట్టీ అంచుకూ మూతకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో వేలు దూరదు, బ్రష్షు దూరదు, చూపు కూడా ఆనదు. నా నిద్రను నిలబెట్టిన మిషను గురించి ఫిర్యాదుతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు. అయినా, రోగనిరోధక శక్తిని మందులతో అణచి ఉంచుకుని బతికే నాలాంటి వాళ్లకు దాని మిగతా గొప్పలన్నీ ఈ సందు తర్వాతే.

నాకు కిడ్నీ మార్పిడి 2019లో జరిగింది. కిడ్నీ ఇచ్చింది మా అక్క. శరీరం దాన్ని పరాయిదని తోసిపుచ్చకుండా అప్పటి నుంచి టాక్రోలిమస్, మైకోఫినోలేట్, చిన్న మోతాదులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటున్నాను. స్టెరాయిడ్‌తో మొదటి ఏడాదిలోనే పద్నాలుగు కిలోలు పెరిగాను. మెడ లావెక్కింది, గురక ముదిరింది, రాత్రిళ్లు ఉన్నట్టుండి ఊపిరి ఆగుతోందని మా ఆవిడ గమనించింది. నిద్ర పరీక్ష చేయించుకుని 2021 మార్చిలో మిషను తెచ్చుకున్నాం. వారం తిరక్కుండానే తలనొప్పి లేకుండా లేచిన పొద్దు ఒకటి వచ్చింది. ఆ పొద్దు ఇప్పటికీ గుర్తుంది. ఆ విషయంలో మిషనుకు నేను వంక పెట్టను.

మిషను కొన్న నెలలోనే, ఓజోన్ వాయువుతో శుభ్రం చేసే పెట్టె కూడా కొన్నాను. మాస్కు, గొట్టం, తొట్టి అందులో పెట్టి మీట నొక్కితే క్రిములన్నీ చస్తాయని ప్రకటన. పది వేలకు పైనే అయింది. మొదటి ఏడాది దాన్ని ఎంత మెచ్చుకున్నానో నాకే తెలుసు. ఓపీ బెంచీ మీద పరిచయమైన ఇద్దరు మార్పిడి పేషెంట్లకు చెప్పి మరీ కొనిపించాను. ఆ ధీమాతోనే వారానికోసారి కడగడం పైపైన కానిచ్చేవాళ్లం. తొట్టిలో పోసేది వంటింటి ఆర్వో నీళ్లు. తాగడానికి పనికొచ్చినవి తొట్టికి ఎందుకు పనికిరావు అనుకున్నాను. పొద్దున మిగిలిన నీళ్లు పారబోయకుండా రాత్రికి వాటి మీదే కొత్త నీళ్లు పోసేవాణ్ని.

2022 ఆగస్టులో దగ్గు మొదలైంది. విశాఖలో ఆ నెలలో తువ్వాలు కూడా ఒక పట్టాన ఆరదు. దగ్గుకు కాలనీ క్లినిక్‌లో క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. మార్పిడి మందులు వాడుతున్నానని చెప్పినా రాశారు. ఆ మందు టాక్రోలిమస్‌ను కాలేయం విరగ్గొట్టకుండా అడ్డుపడుతుంది, దాంతో రక్తంలో టాక్రోలిమస్ పేరుకుపోతుంది. నాలుగో రోజుకు టీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికాయి. ఐదో రోజు రాత్రి జ్వరం 100.8. 100.4 దాటితే తెల్లవారే దాకా ఆగకూడదని ఆపరేషను నాడే మాకు నేర్పారు. ఆ రాత్రే వెళ్లి చేరాం. సీటీలో కుడి ఊపిరితిత్తి అడుగున మచ్చ కనబడింది. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.3 నుంచి 1.9కి ఎగబాకింది.

ఛాతీ డాక్టరు మర్నాడు వచ్చి చాలా ప్రశ్నలు అడిగారు. ఇంట్లో ఎయిర్ కూలరు ఉందా, బాల్కనీలో పావురాలు వాలుతాయా, మొక్కల మట్టి కలుపుతారా అన్నారు. అన్నిటికీ లేదనే చెప్పాను. పోయేముందు తలుపు దగ్గర ఆగి, "సీప్యాప్ వాడతారా? ఆ తొట్టి ఒకసారి తెప్పించండి" అన్నారు.

మా ఆవిడ దాన్ని శుభ్రమైన కవరులో పెట్టుకుని తెచ్చింది. చూడటానికి మిలమిల మెరుస్తోంది. డాక్టరు మూత తిప్పి, ఫోను లైటు వేసి, సన్నటి చిమటాతో రబ్బరు పట్టీ అంచును కొద్దిగా పైకి లేపారు. కింద గీత గీసినట్టు లేత గులాబీ రంగు జిగురు, మూల తిరిగే చోట కాస్త దళసరిగా. బాత్‌రూము పలకల మధ్య పట్టే జిగురు చూసిన వాళ్లకు అది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చిమటా కొనకు అంటుకుని తీగలా సాగింది. "వారం వారం కడుగుతూనే ఉన్నాను కదండీ" అంది మా ఆవిడ. ఆమె గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆమె తప్పేమీ లేదు. చెయ్యి చేరని చోటును ఎవరు మాత్రం కడుగుతారు?

నా కఫం పరీక్షలో ఏ క్రిమీ పెరగలేదు. అప్పటికే యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు. డాక్టరు తేల్చి చెప్పలేదు. "దీనివల్లే వచ్చిందని అనలేను, కాదని కూడా అనలేను. దీన్ని మాత్రం ఇక ముట్టుకోకండి" అన్నారు. నేనూ అంతకు మించి అనను.

ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాను. అక్క శ్రీకాకుళం నుంచి వచ్చి గది బయట కూర్చుంది. ప్రతి ఆదివారం ఫోను చేసి "నా కిడ్నీ ఎలా ఉందిరా?" అని నవ్వుతూ అడిగే మనిషి, ఆ తొమ్మిది రోజులూ క్రియాటినిన్ ఎంత వచ్చిందని నోరు తెరిచి అడగలేకపోయింది. చివరికి 1.4 దగ్గర నిలిచింది. 1.3కి మళ్లీ ఇంతవరకు రాలేదు.

ఇంటికి వచ్చాక చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. నీళ్లలోని క్రిములు గోరువెచ్చటి చోట, కదలని నీళ్ల అంచున, ఒక జిగురు పొర అల్లుకుని దాని కింద బతుకుతాయి. లెజియొనెల్లా, సూడోమోనాస్, క్షయ కుటుంబానికే చెందిన మరికొన్ని రకాలు అలాంటివి. నిరోధక శక్తి బాగున్నవాళ్లను అవి సాధారణంగా ఏమీ చేయవు, మా సంగతి వేరు. ఆర్వో మిషను నీళ్లలోని క్లోరిన్‌ను తీసేస్తుంది, ఆ తర్వాత ఆ నీళ్లు దాని ట్యాంకులోనే నిలవ ఉంటాయి. తాగడానికి మంచి నీళ్లే, క్రిములు లేని నీళ్లు మాత్రం కావు. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఈ తొట్టిలో గాలి నీళ్ల మీదుగా పోతుందే తప్ప నీళ్లను తుంపరగా చిమ్మదు. ఆవిరితో క్రిములు అంత సులువుగా ఎగరవని ఛాతీ డాక్టరే చెప్పారు. ప్రమాదమంతా నీటి బొట్టు గొట్టంలోకి దిగినప్పుడే. నేను నిండు తొట్టితోనే మిషనును మంచం ఇటు పక్క నుంచి అటు పక్కకు మార్చేవాణ్ని. గొట్టంలో గుడగుడమని చప్పుడు వస్తే ఒకసారి దులిపి మళ్లీ పెట్టుకునేవాణ్ని.

ఓజోన్ పెట్టె సంగతి కూడా అప్పుడే తెలిసింది. మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2020 ఫిబ్రవరిలోనే, అంటే నేను కొనడానికి ఏడాది ముందే, సీప్యాప్ శుభ్రతకని అమ్ముతున్న ఓజోన్, యూవీ (అతినీలలోహిత) కాంతి పరికరాలకు తమ అనుమతి లేదని హెచ్చరించింది. గొట్టంలో మిగిలిపోయిన ఓజోన్‌ను పీలిస్తే దగ్గు, ఆయాసం రావచ్చని కూడా చెప్పింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన మిషన్లలో చప్పుడు తగ్గించే స్పాంజి చివికిపోతోందని వాటిని వెనక్కి పిలిచినప్పుడు, ఓజోన్‌తో శుభ్రం చేస్తే ఆ చివుకు ఇంకా పెరగవచ్చంది. నాది ఆ మిషను కాదు. అయినా పెట్టెను అటక ఎక్కించి, ఓపీలో నేను కొనిపించిన ఇద్దరికీ ఫోను చేసి వాడవద్దని చెప్పాను. ఒకాయన నొచ్చుకున్నారు. ఆయన నొచ్చుకోవడంలో న్యాయం ఉంది.

ఇప్పుడు నీళ్లు ఏ రాత్రికి ఆ రాత్రే కొత్తవి పోస్తాం. డిస్టిల్డ్ వాటర్ కొని, దానికోసమే పెట్టుకున్న స్టీలు గిన్నెలో మరిగిస్తాం. కుతకుతలాడాక ఇంకో నిమిషం ఉంచి, మూతపెట్టి చల్లారుస్తాం. డిస్టిల్డ్ అయినంత మాత్రాన అందులో క్రిములు ఉండవని కాదు, అందులో ఉప్పులు ఉండవంతే. బోరు నీళ్లను ఎంత మరిగించినా ఉప్పులు పోవు. అడుగున తెల్లటి గార కడుతుంది, గరుకైన ఆ గారను పట్టుకునే జిగురు పెరుగుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన మొదటి ఆరు నెలలూ మందుల షాపులో దొరికే స్టెరైల్ వాటర్ సీసాలే వాడాం. వాటిని మూత తీసిన మర్నాడే పారబోయాలి. ఖర్చు భరించలేక మానేశాం. బ్యాటరీల్లో పోయడానికి పెట్రోలు బంకుల్లో అమ్మే నీళ్లు చవకని వాడేవాళ్లను చూశాను. అవి ఊపిరి కోసం చేసినవి కావు, దయచేసి వాడకండి.

పొద్దున లేవగానే తొట్టి ఖాళీ చేసి, తుడిచి, మూత తెరిచి ఆరబెడతాను. మాస్కులో ముఖానికి తగిలే మెత్తని భాగాన్ని సబ్బు నీళ్లతో తుడుస్తాను, ముఖం జిడ్డు పట్టేది అక్కడే. ఐదు నిమిషాల పని. ఆదివారం మాత్రం నలభై నిమిషాలు పడుతుంది. కడగడం ఏమంత పని కాదని ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు ఆ మాట అనను.

పట్టీ సందు కోసం కనిపెట్టిన ఉపాయం మా ఆవిడది. దీపారాధనకు చేసే పత్తి వత్తిని ఇంకాస్త సన్నగా, పొడుగ్గా పేని, సబ్బు నీళ్లలో ముంచి, రబ్బరు అంచు కిందికి జొనుపుతుంది. రెండు కొసలూ పట్టుకుని మూత చుట్టూ నెమ్మదిగా లాగుతుంది. బయటికి వచ్చిన వత్తిని కిటికీ వెలుగులో ఇద్దరం చూస్తాం. తెల్లగా ఉంటే సరే. మొదట్లో ఒకసారి పసుపు చార కనబడితే ఆ తొట్టిని అప్పుడే పారేశాం. చివరగా కొళాయి నీళ్లతో కాకుండా మరిగించి చల్లార్చిన నీళ్లతో తొలిపి, జల్లెడ గిన్నె మీద బోర్లిస్తాం. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఈ సందు ఊసే లేదు. తొట్టిని తరచుగా మార్చుకోమని మాత్రం ఉంది.

గొట్టాన్ని ఎండలో పెట్టకూడదు, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. నీడలో వేలాడదీస్తే వానాకాలంలో మా ఊళ్లో ఆరదు. ఖాళీ తొట్టి పెట్టి, తేమ సున్నాకు తిప్పి, గొట్టం తగిలించి పావుగంట మిషను నడిపితే లోపలి చెమ్మ పోతుంది. మిషను వేలాడే గొట్టంలోంచి గాలి ఊదుతుంటే గదంతా ఒక చప్పుడు. అలవాటైపోయింది. డెట్టాల్, బ్లీచింగు జోలికి పోవద్దు. ఆ వాసన మాస్కుకు పట్టి రాత్రంతా ముక్కులోకే పోతుంది. గొట్టానికి అడ్డంగా బాక్టీరియా ఫిల్టరు పెట్టి కూడా చూశాను. తొట్టి దాటాక పెట్టడంతో అది తడిసి గాలి బిగిసినట్టయింది, వారానికే తీసేశాను. మిషను వెనక ఉండే మామూలు ఫిల్టరును నెలకోసారి మారుస్తాను.

నేను ఊహించని మేలు ఒకటి జరిగింది. నిరుడు జులైలో మరిగించిన నీళ్లు లేక ఒక రాత్రి తొట్టిలో ఏమీ పోయకుండానే పడుకున్నాను. ముక్కు ఎండుతుందని భయపడ్డాను గానీ ఏమీ కాలేదు. సముద్రం పక్క ఊళ్లో గాలిలోనే అంత తేమ ఉంది. తర్వాత నిద్ర డాక్టరును అడిగి, జూన్ నుంచి అక్టోబరు దాకా ఏసీ వేయని రాత్రుల్లో తొట్టిని పొడిగానే ఉంచుతున్నాను. నీళ్లు లేని చోట జిగురు ఎక్కడిది? ఏసీ వేసిన రాత్రులు మాత్రం నీళ్లు పోయక తప్పదు. జనవరిలో హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఇదే పని చేస్తే రెండో రోజుకే ముక్కులోంచి నెత్తురు పడింది. కాబట్టి ఇది అందరికీ చెల్లే ఉపాయం కాదు.

మిషను కొనవచ్చా అని అడిగితే, నా మట్టుకు నేను ఇదే మళ్లీ కొంటాను. గాలి నెమ్మదిగా వస్తుంది, మాస్కు ముఖం మీద కుదురుగా నిలుస్తుంది, నాలుగేళ్లలో మోటారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. కానీ నాది ఆరేళ్లు నిలదొక్కుకున్న కిడ్నీ, మందుల మోతాదు ఇప్పుడు తక్కువ, ఇంట్లో వత్తి పేని పెట్టే మనిషి ఉంది. మార్పిడి అయిన మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు, కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయినవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు నా మాట మీద కొనవద్దు. తొట్టిని డాక్టరుకు చూపించి, ఏ నీళ్లు పోయాలో, అసలు పోయాలో వద్దో అడిగి నిర్ణయించుకోండి. దుకాణంలో మూత తెరిపించి రబ్బరు పట్టీ ఊడి వస్తుందో లేదో మీ వేలితోనే చూడండి. నేను ఆరు నెలలకోసారి తొట్టి మొత్తం మారుస్తున్నాను, ఎందుకంటే ఆ పట్టీ ఒక్కటీ విడిగా అమ్మరు. డీలరును అడిగిన ప్రతిసారీ కంపెనీకి రాస్తామంటారు. రెండేళ్లయింది.