ఉపగ్రహ చిత్రాల్లో సముద్రం: నేను చేసిన ఐదు వారాల కోర్సు

మాది కళింగపట్నం. సముద్ర శాస్త్రానికి ఉపగ్రహ చిత్రాలు ఎలా వాడాలో నేర్పే ఉచిత ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొన్న వేసవిలో చేశాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, నాన్న కూడా ఇంటిపట్టునే ఉన్నాడు.

మొదటి రెండు వారాలు బంగారం. ఉపగ్రహానికి చేరే కాంతిలో దాదాపు 90 శాతం గాలిదే, నీటిది మిగిలిన కాస్తే. ఆ కాస్తనీ ఎలా విడదీస్తారో మేష్టారు లెక్క వేసి మరీ చూపించారు. నీటిలోని సూక్ష్మమైన మొక్కలు, అంటే ఫైటోప్లాంక్టన్, నీలి కాంతిని పీల్చేసుకుంటాయి. నీలానికీ ఆకుపచ్చకీ ఉన్న నిష్పత్తిని బట్టి క్లోరోఫిల్ ఎంతుందో లెక్కగడతారు. నాసా ఉచితంగా ఇచ్చే సీడాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఉపగ్రహం మీది మోడిస్ అనే పరికరం తీసిన చిత్రం తెరిచి మన తీరం చూసినప్పుడు ఒళ్లు జల్లుమంది.

మూడో వారం అభ్యాసానికి మా ఊరి సముద్రాన్నే తీసుకున్నాను. పాత చిత్రాలు వెతికితే జులై, ఆగస్టువాటి నిండా మబ్బులే. అక్టోబరులో ఒక తేట రోజు దొరికింది. వంశధార మొగ దగ్గర ముదురు ఎరుపు, అంటే క్లోరోఫిల్ విపరీతం, చేపలకి మేత ఎక్కువన్నమాట. చేపలన్నీ అక్కడే ఉంటాయని సంబరంగా నాన్నకి చూపించాను.

"అది మేత కాదమ్మా, ఏటి బురద" అన్నాడు.

వెతికితే నాన్న మాటే నిజం. బురద కలిసిన తీరపు నీటిలో ఆ నిష్పత్తి సూత్రం క్లోరోఫిల్‌ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతికి కోర్సులో ఒకే ఒక్క స్లైడు! ఉదాహరణలన్నీ నడిసముద్రానివే. ప్రశ్న పంపితే పది రోజులకి "ఆ స్లైడు మళ్లీ చూడండి" అని జవాబు. చాలా బాధేసింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన మత్స్యకారులకి చేపల జాడ చెప్పేది ఈ క్లోరోఫిల్, ఉపరితల ఉష్ణోగ్రత చిత్రాలతోనే కదా, ఏటిమొగల దగ్గరుండే పిల్లలకి ఇదే అసలు పాఠం. 2022 నవంబరు 26న ఎగిరిన మన సముద్ర పరిశీలన ఉపగ్రహం ఓషన్‌శాట్-3 ఊసు కూడా ఎక్కడా లేదు.

అయినా చేరమనే చెప్తాను, ఐదుకి మూడున్నర. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి. కొన్ని ఫైళ్లు వందల ఎంబీలు, నేనైతే శ్రీకాకుళంలో అక్కావాళ్లింటికి వెళ్లి వైఫైలో దించుకున్నాను.

ఆ అక్టోబరు చిత్రాన్ని ప్రింటు తీయించాను. బురద ఎందాకా పోతుందో, ఏ నెలలో ఎటు తిరుగుతుందో నాన్న దాని మీద పెన్సిల్‌తో గీసి చూపించాడు. ఆఖరి ప్రాజెక్టుగా దాన్నే పంపాను.