లినక్స్‌లో అసెంబ్లీ: నాస్మా, గ్యాసా?

తిరుపతి బాలాజీ కాలనీలో మా రూముకొచ్చే ఇంజినీరింగ్ పిల్లోళ్లు సెమిస్టరుకు ఒకసారైనా అడుగుతారు: "అన్నా, ల్యాబ్‌లో 8086 ప్రాసెసర్ మీద అసెంబ్లీ అయిపోయింది. లినక్స్‌లో నాస్మ్ పట్టుకోమంటావా, గ్యాసా?" రెండూ అసెంబ్లర్లే, మనం రాసిన అసెంబ్లీని మెషీన్ కోడుగా మార్చేవి.

ల్యాబ్ నుంచి నేరుగా వచ్చేవాళ్లకు నాస్మ్ చుట్టంలా కనిపిస్తుంది. రిజిస్టర్ (ప్రాసెసర్‌లో విలువ నిలిపే చిన్న గడి) ముందు, విలువ తర్వాత. ఇంటెల్ మాన్యువల్‌దీ అదే వరస. గ్యాస్‌లో అంతా తిరగేసి ఉంటుంది. పైగా రిజిస్టర్‌కు పర్సెంటు గుర్తు, అంకెకు డాలరు గుర్తు తగిలించాలి.

ఆ డాలరు ఒకసారి నా రాత్రంతా మింగేసింది. ప్రోగ్రాం ముగించడానికి ఆర్‌ఏఎక్స్ రిజిస్టర్‌లో ఎగ్జిట్ నంబరు 60 పెట్టబోయి, డాలరు మరిచి ఉత్త 60 రాశాను. అసెంబ్లర్ కిక్కురుమనలేదు. మెమరీలో 60వ అడ్రసులో ఉన్నది తెమ్మన్నానని దాని లెక్క. నడిపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తాకకూడని మెమరీ తాకి ప్రోగ్రాం కూలింది. నాస్మ్ గుంట నాస్మ్‌కుంది: చదరపు బ్రాకెట్లు మరిస్తే వేరియబుల్ విలువకు బదులు అడ్రసు చేతికొస్తుంది. చాలాసార్లు ప్రోగ్రాం కూలదు, తప్పుడు లెక్క చెబుతుంది. నాకైతే కూలేదే నయం.

ఇంత జరిగినా నేను గ్యాస్ వైపే. లినక్స్‌లో అసెంబ్లీ రాసేదానికన్నా చదివేదే ఎక్కువ. సీ కంపైలర్ జీసీసీ ఇచ్చే అసెంబ్లీ ఫైలు, తయారైన ప్రోగ్రాంను ఆబ్జ్‌డంప్ విప్పి చూపేది, డీబగ్గర్ జీడీబీలో కనిపించేది, లినక్స్ కెర్నల్‌లోని ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్ల) ఫైళ్లు, అన్నీ మామూలుగా గ్యాస్ వరసే. సీలో చిన్న ఫంక్షన్ రాసి, కంపైలర్ దాన్ని ఏం చేసిందో చూసి, ఒక్క లైను మార్చి మళ్లీ అసెంబుల్ చేసి చూడండి. అంతకు మించిన అయ్యవారు దొరకడు. ఆ ఫైలు నాస్మ్‌కు మింగుడుపడదు. ఇంటెల్ వరసలో ఇమ్మని జీసీసీని అడిగినా సరే, అందులోని డైరెక్టివ్‌లు (అసెంబ్లర్‌కు ఇచ్చే సూచనలు) గ్యాస్‌వే. జీసీసీ ఉన్న ల్యాప్‌టాప్‌లో గ్యాస్ ఎలాగూ ఉంటుంది. రేపు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ఆర్మ్ ప్రాసెసర్ అసెంబ్లీ నేర్చుకోవాలన్నా అదే పనికొస్తుంది. నాస్మ్ ఎక్స్86 దాటి రాదు.

ఫ్యాస్మ్, యాస్మ్ అనే అసెంబ్లర్లు కూడా ఉన్నాయి. ఉండనీ.

ఏది పట్టుకున్నా, పాత పాఠాల్లోని 'ఇంట్ 80' (హెక్స్ 80, కెర్నల్‌ను పని అడిగే పాత ఆదేశం) జోలికి మాత్రం పోవద్దు. అది 32 బిట్ల దారి. అక్కడ రైట్ నంబరు 4, ఎగ్జిట్ 1. అదే పనికి 64 బిట్లలో వాడే 'సిస్‌కాల్' ఆదేశంలో రైట్ 1, ఎగ్జిట్ 60. మొన్న ఒక తమ్ముడు రెండూ కలిపేశాడు, రైట్ అనుకొని 1 పెట్టి 'ఇంట్ 80' పిలిచాడు. స్క్రీన్ మీద 'నమస్కారం' వస్తుందని చూస్తూ కూర్చున్నాడు. ప్రోగ్రాం ఎగ్జిట్ అయిపోయి చాలాసేపైంది.