నాలుగేళ్లుగా వాడుతున్న మౌస్: వేగం వేరు, డీపీఐ వేరు

పుస్తకాల పేజీలు కూర్చే డీటీపీ పనిలో రోజుకు ఎనిమిది గంటలు నా చేయి మౌస్ మీదే ఉంటుంది. నాలుగేళ్లుగా వాడుతున్నది సాధారణమైన వైరు మౌస్. చక్రం వెనక ఉన్న చిన్న బటన్ నొక్కితే డీపీఐ, అంటే మౌస్ తన కదలికను ఎంత సన్నగా కొలుస్తుందో చెప్పే అంకె, 800, 1200, 1600, 2400ల మధ్య మారుతుంది.

కొన్న మొదటి నెలలోనే దీన్ని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. బొమ్మ అంచును గీతకు ఆనించబోతే బాణం ఒకసారి గీత దాటిపోయేది, మరోసారి ముందే ఆగిపోయేది. చివరికి మౌస్ పక్కన స్కేలు పెట్టి, రెండు అంగుళాలు చప్పున కుడికి జరిపి, అంతే దూరం నెమ్మదిగా వెనక్కి తెచ్చాను. మౌస్ మొదటి చోటికే వచ్చింది కానీ బాణం మాత్రం బయలుదేరిన చోటికి చేరకుండా కుడివైపే నిలిచిపోయింది. చేయి ఎంత దూరం జరిగిందన్న దానితో పాటు ఎంత వేగంగా జరిగిందో కూడా లెక్కలోకి తీసుకునే 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అనే సెట్టింగు దీనికి కారణం. విండోస్‌లో అది ముందే టిక్ పెట్టి ఉంటుంది. పేరులో కచ్చితత్వం ఉన్నా నా పనికి అదే అడ్డం. ఆ టిక్ తీసేశాక వారం రోజులు చేయి తడబడింది, తర్వాత దూరాలు దానికే అలవాటయ్యాయి.

డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం జరిగితే కంప్యూటరుకు పంపే లెక్కల, అంటే కదలిక సంకేతాల, సంఖ్య. విండోస్ 11లో బాణం వేగాన్ని మార్చే స్లైడరు 1 నుంచి 20 వరకు ఉంటుంది. 10 దగ్గర, ఆ టిక్ లేనప్పుడు, ఒక లెక్కకు బాణం ఒక పిక్సెల్ కదులుతుంది. అంటే 1920 పిక్సెళ్ల తెరను అడ్డంగా దాటడానికి 800 డీపీఐలో 2.4 అంగుళాలు, 1600లో 1.2 అంగుళాలు చాలు. అందుకే వేగం కావాలనుకుంటే స్లైడరును పైకి జరపడం కంటే డీపీఐ పెంచడమే మేలు. స్లైడరు 10 దాటితే బాణం మధ్యలో పిక్సెళ్లను వదిలేసి దూకుతుంది, వత్తును అక్షరం కింద సరిగ్గా కూర్చోబెట్టే వేళ ఆ దూకుడు కంటికి కనిపిస్తుంది. నేను 10 దగ్గరే ఉంచి, 1200 డీపీఐతో పని చేస్తున్నాను.

దీనిలో నాకు నచ్చనిది ఆ డీపీఐ బటనే. ఏ అంకె మీద ఉన్నదీ చెప్పే దీపం లేదు. చక్రం తిప్పుతూ వేలు జారి తగిలితే బాణం ఒక్కసారిగా పరుగు తీస్తుంది, మళ్లీ 1200కు రావాలంటే నొక్కుళ్లు లెక్కపెట్టుకోవాలి. గాజు బల్ల మీద అసలు పనిచేయదు. కింద పాత ప్రూఫు కాగితం వేసుకుంటే సరిపోతుంది. ఈ ఏడాది అడుగున ఉన్న జారుడు పట్టీలు అరిగి, సన్నని కదలికల్లో మౌస్ పట్టేస్తోంది కాబట్టి, ఇప్పుడు సెట్టింగుల జోలికి వెళ్లకుండా కొత్త పట్టీలు తెప్పించుకుంటున్నాను.