లెంటినాన్, పీఎస్‌కే: పుట్టగొడుగుల నుంచి వచ్చిన రెండు మందులు

పుట్టగొడుగులతో క్యాన్సర్ తగ్గుతుందనే మాట వినగానే ఆశ పుడుతుంది. ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ నిజంగా మందుల స్థాయికి చేరినవి కొన్నే. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

లెంటినాన్ షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన బీటా గ్లూకాన్, అంటే గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. పీఎస్‌కే (పాలీశాకరైడ్ కె) టర్కీ టెయిల్ అనే మరో పుట్టగొడుగు నుంచి వస్తుంది, ఇందులో గ్లూకాన్‌కు ప్రోటీన్ అతుక్కుని ఉంటుంది. జపాన్‌లో పీఎస్‌కేకి 1977లో, లెంటినాన్‌కు 1985లో అనుమతి వచ్చింది. రెండూ కీమోథెరపీకి తోడుగానే, దానికి బదులుగా కాదు.

రోగికి ముఖ్యమైన తేడా వాడే పద్ధతిలో ఉంది. పీఎస్‌కే నోటితో తీసుకోవచ్చు, లెంటినాన్‌ను నరంలోకి ఎక్కించాలి. అందుకే షిటాకే వండుకుని తింటే ఆ మందు వేసుకున్నట్టే అనుకోవడం పొరపాటు. పైగా సరిగా ఉడకని షిటాకే తింటే కొందరికి ఒంటిమీద కొరడా దెబ్బల్లాంటి దద్దుర్లు వస్తాయి. దానికి కారణం లెంటినానే అని భావిస్తారు.

రెండూ ప్రధానంగా రోగనిరోధక కణాలను మేల్కొలుపుతాయి. కాబట్టి వీటిని ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు, మంట) తగ్గించే మందులుగా చూడటం సరికాదనిపిస్తుంది.

కడుపు, పెద్దపేగు క్యాన్సర్ల ఆపరేషన్ తర్వాత పీఎస్‌కేపై ట్రయల్స్ జరిగాయి కనుక నా మొగ్గు దానివైపే. అదీ ఆంకాలజిస్ట్‌కు (క్యాన్సర్ డాక్టర్‌కు) చెప్పి, కీమో మానకుండా.