చేత్తో తిప్పే ఐబీ టెస్టర్: మూడు వానాకాలాలు వాడాక

రాయగడలో మా షెడ్డుకి దిగే పార్టికల్ బోర్డు (చెక్క చిప్స్‌ని జిగురుతో కలిపి నొక్కిన షీటు) లోడ్లన్నీ ఈ చిన్న మిషన్ మీదే తేలుతున్నాయి. షీటు పైకి ఎంత నున్నగా ఉన్నా, పొట్టలో పట్టు ఉందో లేదో చెప్పేది ఇంటర్నల్ బాండే (ఐబీ). 50 మి.మీ. చదరపు ముక్కకి పైనా కిందా లోహపు దిమ్మెలు అంటించి, నిలువుగా తెగేదాకా లాగడం. పార్టికల్ బోర్డుకి యూరప్ ప్రమాణమైన ఈఎన్ 312 లెక్కన 13 మి.మీ. దాటి 20 వరకు మందం ఉన్న పీ2 రకం (పొడి చోట ఇంటి లోపల వాడే) బోర్డు చదరపు మిల్లీమీటరుకి 0.35 న్యూటన్లు తట్టుకోవాలి. ముక్కకి 875 న్యూటన్లు, అంటే 89 కిలోల పైమాట.

లాగే బలాన్ని కొలిచే 5 కిలోన్యూటన్ల లోడ్ సెల్ ఇప్పటికీ బాగానే ఉంది, తెగినప్పటి అంకె తెరమీద నిలిచిపోతుంది. పేచీ అంతా కింది కీలుతోనే. వానల్లో తుప్పు పట్టి బిగుసుకుంటే ముక్క సమంగా లాగబడదు, ఒక మూల నుంచి ఊడి వస్తుంది, అంకె అన్యాయంగా పడిపోతుంది. వారానికోసారి నూనె వేసి, వేలితో కదిపి చూడాలి. హ్యాండిల్ కూడా నిమిషం అటూఇటూలో తెగేలా నింపాదిగా తిప్పాలి. గబగబా తిప్పితే నాసి బోర్డు కూడా పాసైపోతుంది!

అసలు తంటా జిగురుది. ఎపాక్సీ నమ్మకమే గానీ మర్నాటిదాకా ఆగాలి. కరిగించి పూసే హాట్ మెల్ట్ అయితే దిమ్మె బాగా వేడెక్కి ఉండాలి, చల్లటి దిమ్మె మీద జిగురు అంటుకోకముందే గడ్డకడుతుంది. తెగిన చోట లోహం తళతళలాడుతూ కనిపిస్తే ఆ అంకె చెల్లదు, ఇంకో ముక్క పెట్టుకోవాల్సిందే. ముక్క మీది రంపపు పొడి బ్రష్షుతో దులపకపోయినా ఇదే గతి.

అంకె కన్నా ముందు తెగిన ముఖం చూడండి. నడిమధ్యన చిప్స్ పొడిపొడిగా రాలితే రెజిన్ (చిప్స్‌ని పట్టి ఉంచే జిగురు) తక్కువైనట్టు, లేదా ప్రెస్సులో పొట్టదాకా వేడి చేరనట్టు. పైపొర పలచగా పెచ్చులా లేస్తే ప్రెస్సు బిగియకముందే పైన రెజిన్ గట్టిపడిపోయిందని, అలా పట్టులేకుండా మిగిలిన మెత్తటి పొర సాండింగులో పోలేదని అనుమానించాలి.

వానాకాలంలో లారీలోంచి దించిన షీటుని అప్పుడే కోసి పెడితే సప్లయరుతో గొడవ ఖాయం. తేమకి ఉబ్బిన బోర్డు పట్టు తగ్గుతుంది. 65 శాతం తేమ నిలకడగా ఉండే గదిలో ముక్కల్ని ఉంచి, 24 గంటల తేడాతో రెండుసార్లు తూచాలి. తేడా 0.1 శాతం లోపుంటేనే లాగాలి.

కంపెనీవాళ్లు దిమ్మెలు 4 జతలే ఇచ్చారు, షీటుకి 8 ముక్కలు లాగేవాళ్లకి చాలవు. పాత జిగురుని ఉలితో గీకొద్దు, గాట్లు పడితే దిమ్మె సమంగా కూర్చోదు. హాట్ ప్లేటు మీద పెట్టి మెత్తబడ్డాక చెక్కముక్కతో తోసేస్తే చాలు.