ఫోన్ ట్యాపింగ్‌ను పట్టేస్తుందంటూ అమ్మే డిటెక్టర్ల విషయంలో జాగ్రత్త

ఫోన్‌పై దొంగచాటు నిఘాను పసిగడుతుందన్న ప్రకటన చూసి ఆన్‌లైన్‌లో నేను తెప్పించుకున్న చిన్న డిటెక్టర్ ఆ పని చేయదనీ, అసలు దానికి అది సాధ్యమే కాదనీ, అలాంటిది కొనాలనుకుంటున్న వారికి తెలియజేస్తున్నాను. 2024లో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడ్డాక మనలో చాలామందికి పట్టుకున్న భయాన్ని ఇలాంటి అమ్మకందారులు సొమ్ము చేసుకుంటున్నారు.

ఈ పరికరం చుట్టూ ఉన్న రేడియో తరంగాల బలాన్ని కొలుస్తుందే తప్ప, వాటిలో ఏముందో చదవలేదు. వైఫై రౌటర్ పక్కన పెడితే లైట్లన్నీ వెలుగుతాయి, వాట్సాప్‌లో ఫొటో పంపినా కీచుమంటుంది, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టగానే ఆగిపోతుంది. స్పైవేర్ (ఫోన్‌లో దొంగచాటుగా చేరి నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) కూడా మన సమాచారాన్ని మామూలు ఇంటర్నెట్ ద్వారానే పంపుతుంది కాబట్టి ఆ కూతను బట్టి ఏది ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఇక టెలికాం నెట్‌వర్క్‌లోనే కాల్స్ వింటున్నప్పుడు మన చేతిలోని ఏ పరికరానికీ ఆ జాడ అందదు. తన ఫోన్‌లో భర్త ఏదో యాప్ పెట్టాడని అనుమానిస్తున్న స్త్రీ, ఇది మోగలేదు గనుక భయం లేదనుకుంటే ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇదంతా విక్రేతకు రాస్తే, లైట్లు వెలుగుతున్నాయి గనుక పనిచేస్తున్నట్టేనని చెప్పి, సీలు తీశారన్న కారణంతో వాపసుకు ఒప్పుకోలేదు.

తక్కువ ఖర్చుతో నిజంగా ఉపయోగపడేవి లేకపోలేదు. అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2025లో విడుదల చేసిన రేహంటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఆర్బిక్ కంపెనీ చవక మొబైల్ హాట్‌స్పాట్‌లో నడుస్తూ, టవర్ పంపే సంకేతాలను పరిశీలించి, రక్షణ తక్కువగా ఉండే పాత 2జీకి దిగమని ఫోన్‌ను ఒత్తిడి చేయడం, సిమ్‌ను గుర్తించే ఐఎంఎస్‌ఐ నంబరును అనుమానాస్పదంగా అడగడం వంటివి కనిపిస్తే తెరపైని పచ్చ గీతను ఎర్రగా మారుస్తుంది. అయితే ఆర్బిక్ అమెరికా నెట్‌వర్క్‌ల కోసం తయారైనది గనుక, మన 4జీ బ్యాండ్లకు సరిపోయే మోడల్ ఏదో చూసుకోకుండా డబ్బు పెట్టకండి. పైగా రేహంటర్, అసలు టవర్‌లా నటిస్తూ ఫోన్లను తనవైపు లాక్కునే దొంగ టవర్లనే గమనిస్తుంది. స్పైవేర్ కోసమైతే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో ఉచితంగా అందించిన ఎంవీటీ (మొబైల్ వెరిఫికేషన్ టూల్‌కిట్) అనే సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్‌లో కమాండ్లు ఇవ్వడం తెలిసినవారి సాయం కావాలి. అదీ ఇప్పటికే తెలిసిన జాడలనే వెతుకుతుంది, కాబట్టి ఏమీ దొరకకపోయినంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము.

ఇప్పటికే డిటెక్టర్ కొన్నవారు ప్రకటన స్క్రీన్‌షాట్‌నూ బిల్లునూ దాచి, ఆ షాపింగ్ సైట్ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నా ఫిర్యాదు కూడా అక్కడే నమోదై ఉంది.